కాపరి లేని హంసల మంద

పక్షులంటే నాకు ముచ్చటేమీ లేదు. సగం జీవితం బాతులు మేపాను. వాటి రెట్ట కంపు చీరలోంచి వదలక పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చున్నదాన్ని. అందుకే ఇంగ్లండులో, న్యూకాసిల్‌లో కూతురింటికి వచ్చిన కొత్తలో, "అమ్మా, మన ఇళ్ళ ఎస్టేట్ చివర చెరువుంది, చలికాలం హంసలొస్తాయి, నాయన్ని తీసుకునిపోయి చూసిరా" అని అదంటే, "చాల్లే, నేను చూడని బాతులా" అన్నాను.

హంసంటే నాకు తెలిసింది దీపపు కుందె మీద ఇత్తడి బొమ్మ, పట్టుచీర అంచు మీద జరీ బొమ్మ. పాలూ నీళ్ళూ కలిపి పెడితే పాలు మాత్రం తాగి నీళ్ళు వదిలేస్తుందని మా అత్త చెప్పేది. అంత తెలివున్న పక్షి ఈ చలిలోకి ఎందుకొస్తుందిలే అనుకున్నా.

నన్ను చెరువు దాకా నడిపించింది హంసలు కాదు, మా ఆయన. మోకాళ్ళు అరిగి మంద అమ్మేసినప్పటినుంచి ఆయన చేతికి పని లేదు, నోట్లో మాట లేదు. ఇక్కడికొచ్చాక హీటర్ పక్కన కుర్చీ వేసుకుని గోడ చూస్తూ కూర్చునేవాడు. కూతురు పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ ఏ వారం పగలో ఏ వారం రాత్రో దానికే తెలీదు. అల్లుడు పైగదిలో కంప్యూటర్ ముందు. మాట్లాడే మనిషి లేక నా నోరు పిడచకట్టుకుపోయింది. ఒక పొద్దున ఆయన్ని చెయ్యి పట్టి లేపి, కోటు తొడిగి, చెవుల మీదికి టోపీ లాగి, బయటికి తోశాను.

"యాడికే ఈ చలిలో?"

"చెరువు కాడికి."

"ఏముందాడ?"

"గోడ కాకుండా ఇంకేదైనా ఉంటదిలే, రా."

చెరువని కూతురు అంది గానీ అది ఎవరూ తవ్వింది కాదు. ఒకప్పుడు ఈ నేల కింద బొగ్గు తవ్వారట. గనులు మూసేశాక పైన నేల కుంగింది, కుంగినచోట నీళ్ళు నిలిచాయి. కట్ట లేదు, తూము లేదు. ఒక పక్క మా ఎస్టేట్ ఇళ్ళు. ఎదురు పక్క జమ్ము, జమ్ము వెనక కరెంటు తీగలు, తీగలవతల పొలాలు. గట్టున ఒక బెంచీ, ఒక బోర్డు. తెలుగక్షరాలే నలభయ్యేళ్ళు దాటాక రాత్రి బడిలో దిద్దుకున్నదాన్ని, ఆ ఇంగ్లీషు నావల్ల యాడవుతుంది? కానీ రొట్టె ముక్క బొమ్మ మీద ఎర్రగీత కొట్టుంది. అది అర్థమైంది.

ఇక్కడ చలికాలం పొద్దు బద్ధకంగా లేస్తుంది. పిల్లలు బడికి పోయే వేళకిగానీ వెలుతురు రాదు. మేం పోయేసరికి నీళ్ళ మీద పొగలాగా మంచు కమ్ముకునుంది. ఆ మంచులోంచి ఎవరో బూర ఊదినట్టు ఒక కూత వచ్చింది. అటు చివరనుంచి ఇంకోటి బదులు పలికింది. మా ఆయన ఠక్కున ఆగిపోయాడు.

"ఇది బాతు గొంతు కాదే" అన్నాడు. ఆ వారంలో నేను అడక్కుండా ఆయన అన్న మొదటి మాట అది.

మంచు కాస్త విడిచాక కనిపించాయి. ఏం తెలుపు! చాకలి ఎంత ఉతికినా రాని తెలుపు. ఒక్కోటి మేకపిల్లంత ఉంది. కుందె మీద బొమ్మకి మెడ వంపుగా ఉంటుంది, వీటి మెడ కర్ర పాతినట్టు నిటారు. ముక్కు సగం పసుపు, సగం నలుపు, పసుపు కొమ్ముని మసిలో ముంచి తీసినట్టు. ఏడాది పొడుగునా ఇక్కడుండే నారింజ ముక్కు హంసలు వేరేనంట. ఇవి ఐస్‌లాండ్ నుంచి సముద్రం దాటి చలికాలానికి మాత్రం వస్తాయంట. ఆ దేశంలో చలికి ఓర్చుకోలేక ఈడికొస్తాయని తర్వాత కూతురు చెబితే, ఈడిదే ఇంత చలైతే ఆడిది ఇంకెంతో అనుకుని దండం పెట్టాను.

ఆ పొద్దున చూసిందే ఆ చలికాలమంతా చూశాను, ఒక్కనాడూ విసుగు పుట్టలేదు. ముందు ఒక జంట తల పైకీ కిందికీ ఊపుతుంది, ఒకదాన్ని చూసి ఒకటి. వాటి వెనక బూడిదరంగు పిల్లలు కూడా ఊపుతాయి. కూతలు చిక్కబడతాయి. అప్పుడు మొత్తం కుటుంబం గాలికి ఎదురు తిరుగుతుంది, ఇక పరుగు. నీళ్ళ మీద పాదాలు పటపటమని కొడతాయి, రేవులో బట్టలు ఉతుకుతున్నట్టే ఉంటుంది ఆ చప్పుడు. అంత బరువు ఒళ్ళు నీళ్ళు విడిచి లేస్తుంటే నాకు తెలీకుండానే నేను ఊపిరి బిగపట్టేదాన్ని. అవి జమ్ము దాటి, తీగలు దాటి, పొలాల మీదికి పోతాయి. ఒక కుటుంబం పోయాక ఇంకోటి. తోసుకోడం లేదు, తొక్కిసలాట లేదు.

పగలంతా కోసిన చేలల్లో కొయ్యకాళ్ళ మధ్య రాలిన గింజలు ఏరుకుని తింటాయి. పొద్దు గుంకే వేళకి మళ్ళీ వస్తాయి. దిగేటప్పుడు కాళ్ళు ముందుకు చాపి, రెక్కలు బార్లా తెరిచి, నీళ్ళ మీద జారుకుంటూ వచ్చి ఆగుతాయి. ఆగినాక తోక ఒకసారి విదిలించి, ఏమీ జరగనట్టు అటూ ఇటూ చూస్తాయి. ఆ టెక్కు చూడాలి.

మా ఆయనకి నోరు పెగిలింది ఆడే.

"మన పనేనే ఇది. కోతలైన చేలో దిగడం, గింజలు ఏరుకోడం, సందేళకి నీళ్ళకాడికి రావడం. అచ్చం మన బాతులే."

"మన బాతుల్ని నువ్వు అదిలించి తోలేవాడివి. వీటిని తోలేదెవరంట?"

ఆయన చాలాసేపు చూశాడు. "అదే చూస్తుండా. కర్ర పట్టినోడు యాడా లేడు."

మా పనిలో కర్రే అన్నీ. పొడుగాటి వెదురుకర్ర, దాని కొనకి పేలికో ప్లాస్టిక్ సంచో కడతాం. ఎడమకి ఊపితే మంద కుడికి పోతుంది, కుడికి ఊపితే ఎడమకి. సందేళ వల దడి కట్టి బాతుల్ని లోపలికి తోలి, కర్ర దడి పక్కనే పాతేవాళ్ళం. పిల్లలప్పటినుంచి ఆ కర్ర నీడన పెరిగినవి కాబట్టి అది కనబడితేనే అవి గమ్మున పడుకుంటాయి. కర్ర లేకపోతే తెల్లార్లూ గోల. ఈ హంసలకి కర్ర లేదు, దడి లేదు, మనిషి లేడు. అయినా పొద్దుటా సాయంత్రం దారి తప్పకుండా పోయొస్తున్నాయి. మా ఆయన దీన్ని తట్టుకోలేకపోయాడు. రోజూ పోయి చూడాల్సిందే. నేను లేపనక్కర్లేదు, ఆయనే నన్ను లేపేవాడు.

పాలూ నీళ్ళ సంగతి కూడా తేలింది. ఒక హంస తల ముంచి, తోక పైకెత్తి, లేచేసరికి ముక్కునిండా బురద. "అదిగో, మీ అమ్మ చెప్పిన హంస, పాలు తాగుతోంది చూడు" అన్నాను. చచ్చేట్టు నవ్వాడు. బెంచీ మీద బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చునే తెల్లావిడ కూడా, ఎందుకో తెలీకపోయినా, మమ్మల్ని చూసి నవ్వింది. ఆవిడది నా వయసే. రోజూ వచ్చేది. మాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి మాది రాదు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేది, నేను జంతికలు పెట్టేదాన్ని. కారానికి ముక్కు చీదుకుంటూ ఇంకోటి అడిగేది.

మేం బెంచీకి ఎదురుగా దిగే ఒక కుటుంబాన్ని గుర్తుపెట్టుకున్నాం. తల్లి, తండ్రి, మూడు బూడిద పిల్లలు. అందులో ఒకటి ఎప్పుడూ అందరికన్నా ఆఖర్న దిగేది.

బాగా మంచు పట్టిన ఒక సాయంత్రం అవి తీగలు కనబడక తక్కువ ఎత్తులో వచ్చాయి. నాలుగు దాటాయి. ఆఖరిది దాటలేదు. తీగ ఝుమ్మంది, ఆ పిల్ల జమ్ములో పడింది. తల్లీతండ్రీ కూస్తూ అటే ఈదుకుంటూ పోయాయి.

మర్నాటి పొద్దున మందంతా ఎగిరిపోయింది. ఆ కుటుంబం మాత్రం ఎగరలేదు. పిల్ల జమ్ము వార నీళ్ళలో ఉంది, ఎడమ రెక్క కొన కిందికి వేలాడుతోంది. మిగతా నాలుగూ దాని చుట్టూ.

మందలో దెబ్బ తిన్న బాతు కోసం మంద ఆగదు, అది మాకు తెలిసిన లెక్క. కాపరి దాన్ని పట్టుకుని, రెక్కకి పసుపూ సున్నం పట్టించి, గుడ్డతో కట్టి, గంపలో వేసుకుని మోస్తాడు. లేదా కూర వండుకుంటాడు. మూడోది లేదు.

"రేపో మాపో తల్లీతండ్రీ దాన్ని వదిలేసి పోతాయి" అన్నాడు మా ఆయన. "పట్టుకుందాం. గంప తీసుకురా."

"గంప యాడుందయ్యా ఈ దేశంలో?"

"బట్టలేసే బుట్ట ఉంది కదా."

గ్యారేజీలో పాత కర్టెన్ రాడ్డు దొరికింది. కొనకి సూపర్‌మార్కెట్ సంచి కట్టాడు. ఆయన ఒక పక్కనుంచి ఊపాలి, పిల్ల నా పక్కకి ఈదుకుంటూ రావాలి, నేను దుప్పటి వేసి పట్టాలి. ఎన్ని బాతుల్ని పట్టలేదు ఇట్లా!

సంచి ఒక్కసారి ఊపాడో లేదో, తండ్రి హంస రెక్కలు విప్పి నీళ్ళ మీద పరుగెత్తుకుంటూ మీదికొచ్చింది. ఆ రెక్కలు మా ఇంటి తలుపంత. మా ఆయన వెనక్కి పడ్డాడు, నేను దుప్పటి తొక్కుకుని బురదలో కూలబడ్డాను. ఆ గందరగోళంలో నాలుగూ లేచి ఎగిరిపోయాయి. పిల్ల ఒక్కతే నడి చెరువులోకి ఈదుకుంటూ పోయింది. మేం కాపాడబోయి దాన్ని ఒంటరిని చేశాం.

తెల్లావిడ పరుగున వచ్చింది. అరిచింది. అరుస్తూనే నా చెయ్యి పట్టి లేపింది. కూతురికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాం.

"అమ్మా, మీకేమైనా మతిపోయిందా? ఈ దేశంలో హంసని పట్టుకుంటే కేసు పెడతారు!"

"పట్టుకోలేదు కదే. అదే మమ్మల్ని పట్టుకోబోయింది."

"ఆవిడ పక్షుల బాగోగులు చూసేవాళ్ళని పిలిపిస్తుందంట. మీరు గమ్మునుండండి. నాయనకి చెప్పు, ఆ కర్ర కింద పెట్టమను."

మధ్యాహ్నం వాళ్ళలో ఒకాయన వచ్చాడు, మూడుకాళ్ళ మీద దుర్భిణి నిలబెట్టి చాలాసేపు చూశాడు. ఎముక విరగలేదనీ, తిండి తింటోందనీ, తరిమి పట్టుకుంటే ఆ బెదురుకే చస్తుందనీ ఆయనన్నది కూతురు ఫోన్లో మాకు చెప్పింది. వదిలేస్తే రెక్క అదే కుదురుకోవచ్చు, కుదురుకోకపోవచ్చు. మంద ఉత్తరానికి తిరిగిపోయే వేళకి ఎగరగలిగితే బతుకు. లేకపోతే వేసవంతా ఈ చెరువులో ఒంటరిగా ఉండిపోవాల్సిందే.

"వేసవి రాకముందే మన వీసా అయిపోతుంది" అన్నాడు మా ఆయన.

ఇంటికి పోయేముందు ఆయన ఆ కర్రని గట్టున పాతాడు. ఒంటరిగా ఉన్న పిల్లకి తోడుగా ఉంటుందని. సంచి గాలికి రెపరెపలాడుతోంది. నాకూ అది తప్పనిపించలేదు. ఎన్ని రాత్రులు మంద పక్కన పాతలేదు!

సందేళ మేం మళ్ళీ పోయి కూర్చున్నాక మంద తిరిగొచ్చింది. ముందున్న కుటుంబం కాళ్ళు చాపి దిగబోయి, చాపిన కాళ్ళు వెనక్కి తీసుకుంది. చెరువు మీద ఒక చుట్టు, ఇంకో చుట్టు. కూతలు మామూలుగా లేవు. నడి చెరువులోంచి పిల్ల కూస్తోంది. మందంతా తిరిగి, ఇళ్ళ కప్పుల మీదుగా ఇంకేదో నీళ్ళ వైపు పోయింది.

"ఏందిట్లా?" అన్నాడు మా ఆయన. అప్పుడు ఇద్దరం ఒకేసారి కర్ర వైపు చూశాం.

"నీ సంచేనయ్యా! అవి మన బాతులనుకున్నావా, ఆ కర్ర చూసి నిద్రపోవడానికి?"

మోకాళ్ళు లేని మనిషి ఎంత జోరుగా నడిచాడో! కర్ర పీకి, సంచి చించి జేబులో కుక్కుకున్నాడు. కానీ ఆకాశం నల్లబడింది, ఒక్క రెక్క చప్పుడు లేదు. ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు.

పొద్దున ఆయన ముందు, నేను వెనక. నీళ్ళ అంచున పలచటి మంచు పలక కట్టుంది. మంద లేదు. కానీ జమ్ము వార ఐదు ఉన్నాయి. రెండు తెల్లవి, మూడు బూడిదవి. పిల్ల మధ్యలో మెడ రెక్కలో దూర్చుకుని నిద్రపోతోంది, తల్లి దాని పక్కన మెడ ఎత్తి కాపలా కాస్తోంది. చీకట్లో ఎప్పుడొచ్చాయో, ఎట్లా వచ్చాయో. మందంతా వేరే చోట పడుకుంటే ఇవి మందని విడిచి మళ్ళీ ఈడికే వచ్చాయి.

మా ఆయన బెంచీ మీద కూర్చుని, "దెబ్బ తిన్నదాన్ని మనం మోసినాం గానీ, మందే మోయడం నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు.

ఒకట్రెండు రోజులకి మిగతా మంద కూడా తిరిగొచ్చింది. ఆ తర్వాత మేం బెంచీ దాటి అడుగేస్తే ఒట్టు. పొద్దున మందంతా పొలాలకి పోయేది. ఆ కుటుంబం మాత్రం గట్టెక్కి, గడ్డి తింటూ తిరిగేది. ఆ పచ్చిగడ్డితో ఎంత కడుపు నిండుతుందో నాకు తెలుసు. కడుపునిండా గింజలు తీగలవతల చేలో ఉన్నాయి, అయినా అవి పోలేదు. తల్లీతండ్రీ మెడలు సన్నబడ్డాయని మా ఆయన అనేవాడు. నిజమో, ఆయన బెంగో.

రెక్క మెల్లగా పైకి వచ్చింది. ముందు వేలాడటం తగ్గింది. తర్వాత ఒకరోజు పిల్ల నీళ్ళలో నిలబడి రెండు రెక్కలూ టపటపలాడించింది. తెల్లావిడ నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. నేను ఆవిడ చేతిలో జంతిక పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున తండ్రి తల ఊపడం మొదలుపెట్టింది. పిల్ల కూడా ఊపింది. ఐదూ గాలికి తిరిగాయి. పరుగెత్తాయి. నాలుగు లేచాయి, పిల్ల లేవలేదు. నీళ్ళ మీద కొంత దూరం పటపటమని పోయి కూలబడింది. ఎగిరినవి జమ్ము దాకా పోయి, చుట్టు తిరిగి, మళ్ళీ దాని పక్కనే దిగాయి. ఒక్కదానికీ కోపం లేదు. కాసేపటికి తండ్రి మళ్ళీ తల ఊపింది. మళ్ళీ అంతే. ఆ వారమంతా అంతే. లేవడం, తిరిగి దిగడం. నేనైతే మూడో రోజుకే దాన్ని తిట్టి పోసేదాన్ని. నాకంత ఓపిక లేదు, నా పిల్లతో కూడా లేకపోయింది.

మార్చి వచ్చింది. పగలు పొడుగైంది, గట్టున పసుపు పూలు లేచాయి. మందలోంచి ఒక్కో గుంపు సందేళ తిరిగి రావడం మానేసింది. ఉత్తరానికి పోయాయన్నమాట. చెరువు రోజురోజుకీ పలచబడుతోంది. మా టికెట్ రోజు కూడా దగ్గర పడింది.

"అది ఎగరకపోతే నేను రాను. టికెట్ మార్చమను" అన్నాడు మా ఆయన, అన్నం దగ్గర.

"వీసా ఇచ్చేవాళ్ళు నీకు మేనమామలా, అడగ్గానే పొడిగించడానికి?" అన్నాను.

"నాయనా, రెక్క నొప్పి దానికి, మీకు కాదు కదా" అంది కూతురు. "మీరుండి ఏం చేస్తారు?"

"ఏం చేస్తా? చూస్తా."

గాలి బాగా వీస్తున్న పొద్దున అది. నీళ్ళు అలలెత్తుతున్నాయి. తల ఊపులు ముందు రోజుల కన్నా ఎక్కువసేపు సాగాయి. పరుగు మొదలైంది. నాలుగు లేచాయి. పిల్ల ఇంకా నీళ్ళ మీదే కొడుతోంది, కొడుతోంది, జమ్ము దగ్గరికొచ్చేసింది. ఇక ఆగుతుందనుకున్నా. ఆగలేదు. జమ్ము కొనలు పొట్టకి రాసుకుంటూ లేచింది. ఎదురుగా తీగలు. మా ఆయన మోకాలు పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. "పైకి, పైకి" అంటున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, చేతిలో కర్ర ఉన్నట్టే. తల్లి ముందుకు పోకుండా దాని పక్కకి వచ్చి, కొంచెం పైన, కొంచెం ముందు ఎగిరింది. పిల్ల తల్లి వైపే చూస్తూ ఎత్తందుకుంది. తీగలు దానికి కిందే ఉండిపోయాయి.

మా ఆయన కూర్చున్నాడు. తెల్లావిడ ముక్కు చీదుకుంది. ఈసారి కారానికి కాదు.

ఆ సాయంత్రం ఐదూ వచ్చాయి. పిల్ల ఆఖర్న, వంకరగా, నీళ్ళు చిమ్ముకుంటూ దిగింది. తోక విదిలించి, ఏమీ జరగనట్టు అటూ ఇటూ చూసింది. అదే టెక్కు. ఆ తర్వాత రోజూ పొలాలకి పోయాయి, గింజలు తిన్నాయి, వచ్చాయి. ఎవరూ తోలకుండానే.

మేం బయల్దేరే ముందు వారం, ఒక సందేళ పోయి కూర్చున్నాం. పొద్దు గుంకింది. చెరువంతా ఖాళీ. నారింజ ముక్కు హంసలు రెండు, నీటికోళ్ళు కొన్ని, అంతే. తెల్లావిడ గట్టు మీదుగా మా వైపు వస్తోంది. దూరంనుంచే చెయ్యి ఎత్తి ఐదు వేళ్ళూ విప్పి చూపించింది. తర్వాత ఆ చేతిని పొలాల మీదనుంచి ఉత్తరం వైపు, పైకి, ఇంకా పైకి జరిపింది. పొలంలోంచి లేచి అటే పోయాయని ఆ చెయ్యే చెప్పింది.

మా ఆయనకి చీకటి పడ్డాక ఖాళీ దడి చూస్తే కాళ్ళు చేతులు ఆడవు. ఒక్క బాతు తక్కువైనా లాంతరు పట్టుకుని చేలన్నీ వెతికేవాడు. అట్లాంటి మనిషి ఆ ఖాళీ నీళ్ళ వైపు చూసి నవ్వాడు.

"రాలేదే" అన్నాడు.

"రాలేదయ్యా" అన్నాను.

"ఐదూ పోయినాయి."

"ఐదూ."

"పద, చలిగా ఉంది. బో ఆకలిగా కూడా ఉంది" అని లేచి, నాకన్నా ముందు నడిచాడు.